పొడుగు ఈల

దొడ్డి పక్క గది నుంచి,
సోమవారం.

తమ్ముడికి,

ఆశీస్సులూ గీశీస్సులూ ఈసారికి లేవు. ఫోను చేద్దామనే అనుకున్నాను. నీ గొంతు వింటే ఫోను నేలకేసి కొడతానని నాకే భయమేసి కాగితం తీశాను.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్ళు నన్ను ఇంటికి పంపించారు. పిత్తాశయం తీసేశారు కదా, కడుపు మీద నాలుగు కుట్లు, చేతిలో మాత్రల సంచీ. ఆటో దిగి చూస్తే దొడ్డి దగ్గర నువ్వు లేవు. నా కుక్క మేస్త్రి బట్టలారేసే తాడుతో స్తంభానికి కట్టేసి ఉంది. ముడి మీద ముడి, ముడి మీద ముడి, దొంగని కట్టినట్టు. నీళ్ళ గిన్నె దానికి అందనంత దూరంలో ఉంది. గొర్రెలన్నీ ఒక మూలకి చేరి ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. లెక్కపెట్టాను. ఇరవై మూడు. నేను వదిలి వెళ్ళింది ముప్ఫై నాలుగు. మందుల మత్తేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే.

లోపలికి వెళ్తే బల్ల మీద నీ చీటీ. బస్సు టికెట్టు వెనక రాశావు. "కుక్కకి పిచ్చెత్తింది. పదకొండు క్వారీలో పడ్డాయి. క్షమించు." అంతే. పదకొండు ప్రాణాలకి ఒక టికెట్టు ముక్క సరిపోయిందా నీకు?

పోయినవాటిలో తెల్లది ఉంది. పది రోజుల కిందటే కవలల్ని ఈనింది. ఆ పిల్లలు రెండూ ఇప్పుడు నా వెంట పడి అరుస్తున్నాయి. వంగితే కుట్లు లాగుతున్నాయి, కూర్చుని సీసాతో పాలు పడుతున్నాను. చచ్చినవాటిని కంచె అవతలి ఆయన తాళ్ళు వేసి పైకి తీయించి పాతిపెట్టించాడట. ఆ పని నువ్వు చెయ్యాల్సింది. నువ్వు అప్పటికే బస్సెక్కేశావు.

మందని బయటికి తోలొద్దని, ఎండుగడ్డి లోపలే వెయ్యమని రెండు పేజీలు రాసి గోడకి అంటించి మరీ వెళ్ళాను. నీకు చదువొచ్చుననుకున్నాను.

ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాయి. మేస్త్రి ఐదేళ్ళుగా నాతో పనిచేస్తోంది. ఒక్క గొర్రెపిల్లకి పన్ను తగలనివ్వలేదు. దానికి పిచ్చి ఎందుకెత్తుతుంది?

— అక్క


బస్టాండు వెనక, మేడ మీది గది నుంచి,
గురువారం.

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. నువ్వు తిడతావని తెలుసు. కానీ ఒక్క ముక్క కూడా "నువ్వెలా ఉన్నావురా" అని ఉండదని అనుకోలేదు. ఎనిమిది రోజులు నా ఇల్లు వదిలి నీ దొడ్డి ఊడ్చాను. పేడ ఎత్తాను. జబ్బు చేసినదానికి రెండు పూటలా మందు తాగించాను. నీకు అదేమీ కనపడలేదు.

జరిగింది రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఏడు రోజులు నువ్వు చెప్పినట్టే లోపలే ఉంచాను. శుక్రవారానికి గడ్డి అయిపోవచ్చింది. ఎండ బాగుంది, ఒక గంట ఉమ్మడి కొండ మీదికి తోలుకెళ్ళి తీసుకొద్దామనుకున్నాను. పోయేటప్పుడు కుక్క బాగానే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు క్వారీ అంచు మీదుగా వస్తున్నాం. ఉన్నట్టుండి దానికి ఏమైందో, మంద మీద పడింది. అంచు వైపుకి తోసింది. నేను ఆగు ఆగు అని కేకలేశాను. గొంతు పోయింది. అది నా మొహం కూడా చూడలేదు. ముందువి పడిపోయాయి, వెనకవి వాటి మీద పడ్డాయి. నేను పరిగెత్తుకెళ్ళి పట్టుకునేసరికి పదకొండు పోయాయి.

అంతే జరిగింది. ఉండి నీకు మొహం చూపించలేక వచ్చేశాను. అది తప్పే, ఒప్పుకుంటాను.

కానీ ఆ కుక్కని నమ్మొద్దు. ఒకసారి రుచి మరిగిన కుక్క మళ్ళీ చేస్తుంది, నాన్న కూడా అదే అనేవాడు. కట్టేసి ఉంచు. కుట్లు మానేదాకా బరువులెత్తకు.

— తమ్ముడు


దొడ్డి పక్క గది నుంచి,
బుధవారం.

తమ్ముడికి,

పేడ ఎత్తావా! ఎంత గొప్ప పని చేశావురా. దండ వేయిద్దామా?

నిన్న మేత సంఘం వాళ్ళు ముగ్గురు వచ్చారు. పెద్ద, ఆ మీసాలాయన, కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు. అంటే తీర్పు ఇంటి దగ్గరే రాసుకుని వచ్చాడన్నమాట. కొండ మీదికి ఏడు మందలు వస్తాయి. మందని చంపిన కుక్క కొండ చుట్టుపక్కల ఉండకూడదని సంఘం కట్టుబాటు. నాన్న హయాంలో పెట్టిందే, ఆయన సంతకం కూడా ఉందట దాని మీద. ఈ నెలాఖరు ఆదివారం లోపల పశువుల డాక్టరమ్మ చేత సూది వేయించాలన్నాడు. లేకపోతే కొండ మీద నా మందకి చోటు లేదన్నాడు.

"అమ్మా, నీకు బాధగానే ఉంటుంది. కానీ రేపు నా మందని తోస్తే ఎవరు జవాబుదారీ?" అన్నాడు.

నేను ఏం చెప్పగలను? చూసినవాడివి నువ్వొక్కడివే. నువ్వు పిచ్చెత్తిందని రాశావు. అదే చెప్పాను. చెబుతుంటే నోట్లో మట్టి పోసుకున్నట్టుంది.

కానీ ఒక మాట రాయకుండా ఉండలేను. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే దాన్ని తాడుతో పట్టుకుని మిగిలినవాటి దగ్గరికి తీసుకెళ్ళాను, దాని వెర్రి ఏమిటో చూద్దామని. ఈల ఊదాను. ఏమీ జరగనట్టు, నిమ్మకి నీరెత్తినట్టు, ముందుకి దూకి మందని తోలడానికి బయల్దేరింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కర్ర తీసుకుని కొట్టాను. మర్నాడూ అంతే. మూడో రోజూ ఊదాను, కదిలింది, కొట్టాను. ఐదేళ్ళలో దాని మీద చెయ్యి వెయ్యలేదు నేను. నాలుగో రోజు ఊదితే కదల్లేదు. పొట్ట నేలకి అంటించి పడుకుని కళ్ళు మూసుకుంది. అప్పుడు కర్ర అవతల పారేసి వచ్చి మంచం మీద కూర్చున్నాను. కుట్ల దగ్గర నెత్తురొచ్చింది. బాగా అయింది నాకు.

మూడు రోజుల నుంచి తిండి ముట్టడం లేదు అది. పిచ్చెత్తిన కుక్కకి సిగ్గుంటుందిట్రా?

ఇంకేమైనా గుర్తొస్తే రాయి. ఆ రోజు అంచు దగ్గర దానికి ఏమైనా కనపడిందా, పామో, వేరే కుక్కో, లారీ శబ్దమో. ఏదైనా సరే. పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

— అక్క


మేడ మీది గది నుంచి,
శనివారం.

అక్కకి,

పామూ లేదు, లారీ లేదు. అడిగిందే అడగకు.

సూది వేయించెయ్. తప్పదు. నాకు మాత్రం సరదానా? ఒక కుక్క కోసం తోడబుట్టినవాణ్ణి దొంగని నిలదీసినట్టు నిలదీస్తున్నావు. మొదటినుంచీ నీది అదే వరస. నాన్న పోయినప్పుడు మంద నీకు రాసిపోయాడు. నేను కిక్కురుమన్నానా? "నీ మాట గొర్రెలు వినవురా, నువ్వు బస్సులో జనాన్ని తోలుకో" అని నలుగురి ముందూ అన్నాడు ఆయన. నవ్వారు అందరూ. నువ్వూ నవ్వావు. నేను కండక్టరు పనికి పోయి జనాన్నే తోలుకుంటున్నాను.

నీ కుక్క గొప్పదని ఊరంతా చెప్పుకుంటావు. అంత గొప్పదైతే ఆ రోజు ఎందుకు ఆగలేదు? ఎంత ఊదినా ఆగలేదు. ఊపిరి బిగబట్టి, కళ్ళు తిరిగేదాకా ఊదాను. ఆగిందా? మాట విననిదాన్ని ఉంచుకుని ఏం చేస్తావు?

ఇంక దీని గురించి రాయకు. నాకు తలనొప్పులు చాలా ఉన్నాయి.

— తమ్ముడు


దొడ్డి పక్క గది నుంచి,
మంగళవారం.

ఒరేయ్,

ఊదావా?

మొదటి ఉత్తరంలో "కేకలేశాను" అని రాశావు. ఇదిగో, నా ఎదురుగానే ఉంది. గొంతు పోయిందన్నావు. ఇప్పుడేమో ఊపిరి బిగబట్టి ఊదానంటున్నావు. ఊపిరి బిగబట్టి ఊదితే ఎలాంటి ఈల వస్తుందో నాకు తెలుసు. నాన్న ఈల. ఒక్కటే, పొడుగ్గా, కొండ అవతలికి వినపడేది. నాన్న దగ్గర దానికి అర్థం "ఆగు" అని. నీ బస్సులోనూ అంతే కదా, ఒక పొడుగు ఈలకి బండి ఆగాలి, రెండు పొట్టివాటికి కదలాలి. ఇరవై ఏళ్ళు అదే ఊదావు. అలవాటుకొద్దీ నీ నోరు అటే పోయింది.

మేస్త్రికి అది తిరగేసి ఉంటుంది. దానికి పొడుగు ఈల అంటే "తోలు". రెండు పొట్టి ఈలలంటే "ఆగు".

అర్థమైందా ఏం చేశావో? మంద అంచు దగ్గరికి వచ్చింది. నువ్వు ఆగమని ఊదావు. అది తోలమన్నావనుకుంది. తోలింది. నువ్వు ఇంకా గట్టిగా ఊదావు. ఇంకా గట్టిగా తోలమంటున్నాడనుకుంది. నువ్వు కళ్ళు తిరిగేదాకా ఊదావు. అది పదకొండు గొర్రెలు పోయేదాకా తోలింది. దానికి పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. నీ మాట గొర్రెలు వినవన్నాడు నాన్న. ఈ కుక్క విన్నదిరా! ముందు గొయ్యి కనపడుతున్నా విన్నది!

అలా ఎందుకు మార్చానంటావా? మేస్త్రిని తెచ్చిన ఏడాదే పొట్టేలు పొడిచి నా ముందు పన్ను విరిగింది. అప్పటినుంచి పొడుగు ఈల సగంలో గాలిపోతుంది. ఆపే ఈల అన్నిటికంటే గట్టిగా రావాలి, అందుకని పొట్టివాటిని ఆపడానికి పెట్టుకున్నాను. ఇదీ సంగతి.

నేను దాన్ని కొట్టాను. పొడుగ్గా ఊది, అది చెప్పిన పని చెయ్యబోతే కొట్టాను. మూడు రోజులు. నువ్వు రాసిన అబద్ధాన్ని నమ్మి కొట్టాను. ఈ ఒక్కదానికి నిన్ను ఎన్ని తిట్టినా నా నోరు చాలదు.

ఇవాళ సాయంత్రం దాని పక్కన కూర్చుని చేత్తో తినిపించాను. తిన్నది. నా చెయ్యి నాకింది. అది చూస్తే నీ మీద ఇంకా కోపమొచ్చింది.

ఊదిన సంగతి ఎందుకు దాచావు? పన్నెండు రోజులే ఉన్నాయి. సంఘానికి నిజం రాసి పంపు. వెంటనే.

— అక్క


మేడ మీది గది నుంచి,
శుక్రవారం.

అక్కా,

నాకు తెలియదు. ఒట్టు. ఈల తిరగేశావని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఊదానని నీకెందుకు చెప్పలేదంటే, కేకలేశానంటే కుక్క తప్పవుతుంది. ఊదానంటే, నాన్న ఈలకి కూడా మంద ఆగలేదంటే, అది నా తప్పవుతుంది. నా నోట్లో అదొక్కటే నాన్నది ఉంది. మంద నీది, పొలం నీది, ఆ ఈల నాది. నాన్నే అనేవాడు కదా, "ఈల మాత్రం వీడిదేరా" అని. అది కూడా పని చెయ్యలేదని నీకెలా రాయను?

ఇంకొకటి చెప్పలేదు. నాకు పని లేదు. నాలుగు నెలలైంది. బస్సుల్లో టికెట్టు డ్రైవరే ఇస్తున్నాడు, కండక్టర్లు అక్కర్లేదన్నారు. ఈల తీసి బల్ల మీద పెట్టమంటే పెట్టి వచ్చాను. నీ మరదలికి చెప్పలేదు. రోజూ ఖాకీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, పాత స్నేహితుడి బండిలో చివరి సీట్లో కూర్చుని నాలుగు ట్రిప్పులు తిరిగి ఇంటికొస్తున్నాను. నువ్వు ఆపరేషన్ అనగానే సెలవు పెట్టానని ఇంట్లో చెప్పి పరిగెత్తుకొచ్చింది అందుకే. మంద తోలడం నాకు చేతనవునో కాదో చూసుకుందామని తోలుకెళ్ళాను. చేతనైతే నిన్ను అడుగుదామనుకున్నాను, నేనూ వచ్చేస్తాను అక్కా అని. గడ్డి అయిపోలేదు. అది కూడా అబద్ధమే.

వాటిని కొండ మీదికి తోలినంతసేపూ మేస్త్రి నా వెనకే బుద్ధిగా వచ్చింది. మనసులో నాన్నతో పోట్లాడుకుంటూ నడిచాను. చూశావా, వింటున్నాయి, చూశావా అని. అన్నీ అయిపోయాక నేను దాని మెడ పట్టుకుంటే అది తోక ఊపింది అక్కా. మెచ్చుకుంటానని నా మొహంలోకి చూసింది. అందుకే అన్ని ముడులు వేశాను. అది నా వెనకే వస్తుందని భయమేసింది.

నిజం రాసి సంఘం పెద్దకి ఇందులోనే పెట్టాను. ఇచ్చెయ్.

కానీ నాకూ ఒక కోపం ఉంది, రాయకపోతే నిద్ర పట్టదు. ముందు పన్ను విరిగితే ఇనప ఈల కొనుక్కుంటారు. సంతలో ప్రతి కొట్లో దొరుకుతుంది. దాంతో పొడుగూ వస్తుంది, పొట్టీ వస్తుంది. కుక్కని తిరగేసి ఎవరైనా నేర్పిస్తారా? రెండు పేజీలు రాసి గోడకి అంటించావు. ఏ గొర్రెకి ఎన్ని చుక్కల మందో రాశావు. గేటు గడియ ఎటు తిప్పాలో రాశావు. ఈల సంగతి ఒక్క ముక్క రాయలేదేం?

— తమ్ముడు


దొడ్డి పక్క గది నుంచి,
సోమవారం.

తమ్ముడికి,

నీ ఉత్తరం తీసుకుని మీసాలాయన ఇంటికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి నా చేతికే ఇచ్చేశాడు.

"కుక్కని కాపాడుకోవడానికి అక్కాతమ్ముళ్ళు ఏమైనా రాసుకుంటారమ్మా. కాగితం మీద ఈల వినపడదు. ఊదినవాణ్ణి రమ్మను. మా అందరి ముందూ ఊది చూపించమను. పొడుగు ఈలకి కుక్క మందని తోలిందా, మనిషిదే తప్పు, కుక్క ఉంటుంది. లేదా, సూది," అన్నాడు.

ఇందులో కాదనడానికి ఏముంది? ఆదివారం పొద్దున పదింటికి కొండ కింద బీడులో. రావాలి నువ్వు. వచ్చి, అందరూ చూస్తుండగా ఆ పదకొండింటినీ చంపింది నేనే అని ఒప్పుకుని, ఊదాలి. మొహం చాటేశావంటే ఈ జన్మకి నాకు తమ్ముడు లేడనుకుంటాను.

ఇక నువ్వడిగినదానికి జవాబు. రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రాయకుండా తప్పించుకుందామనే చూశాను.

పన్ను విరిగిన మాట నిజమే. ఇనప ఈల నా పెట్టెలోనే ఉంది, ఆ ఏడాదే కొన్నాను. వాడలేదు. మంద నాకిచ్చాడని నువ్వు ఏడుస్తున్నావు. నేను పద్నాలుగో ఏటినుంచి నాన్న వెనక కొండెక్కాను, వానలో, చలిలో. నువ్వు సెలవులకి వచ్చి ఒక్క ఈల వేసేవాడివి. కుక్క ఠక్కున కూర్చునేది. నాన్న మొహం వెలిగిపోయేది. "ఈల మాత్రం వీడిదేరా!" నా చేతిలో మంద ఉంది, నాన్న కుక్క మాత్రం నువ్వు రాగానే నన్ను వదిలేసి నీ కాళ్ళ దగ్గరికి చేరేది. అందుకని నాదంటూ ఒక కుక్క వచ్చినప్పుడు దాన్ని తిరగేసి నేర్పాను. ఇంకెవరి నోటికీ దొరకకూడదని. ముఖ్యంగా నీ నోటికి. గోడ మీద కాగితంలో ఈల సంగతి రాయబోయి, కలం ఎత్తి, రాయలేదు. ఎలాగూ బయటికి తోలొద్దన్నాను కదా అని సర్దిచెప్పుకున్నాను.

మరిచిపోయి రాయకపోవడం కాదు. రాయాలనిపించలేదు. చదువుకున్నావుగా? ఇప్పుడు నన్ను తిట్టు. కానీ ఆదివారం వచ్చి తిట్టు.

— అక్క


మేడ మీది గది నుంచి,
గురువారం.

అక్కకి,

తిట్టడానికి కూడా చేతులు రావడం లేదు. ఆరు సార్లు మొదలుపెట్టి చింపేశాను.

వస్తున్నాను. ఆదివారం మొదటి బస్సుకి. మేస్త్రికి ముందురోజు కడుపునిండా పెట్టు.

— తమ్ముడు


దొడ్డి పక్క గది నుంచి,
మంగళవారం.

తమ్ముడికి,

మళ్ళీ వెళ్ళిపోయావు. తీర్పు వినకుండానే పావు తక్కువ పన్నెండు బస్సెక్కేశావు. వెనక్కి తిరిగి చూసేసరికి నీ ఖాకీ చొక్కా కంచె అవతల పరిగెడుతోంది. మీసాలాయన నన్ను చూసి "మీవాడికి బస్సంటే ఎంత ప్రేమో" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు, అది మాత్రం తెలుసుకో.

నువ్వు బాగానే మాట్లాడావు. ఒప్పుకుంటాను. "చంపింది నేను, కుక్క కాదు" అని మీసాలాయన మొహంలోకి చూస్తూనే అన్నావు. తరవాత వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదావు. నాన్నే లేచొచ్చి ఊదినట్టుంది. నీ మీద అంత కోపంలోనూ నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క మందలోని కుక్క కూడా కూర్చుంది.

మేస్త్రీ పడుకుంది. పొట్ట నేలకంటించి, కళ్ళు మూసుకుని, వణుకుతూ. నువ్వు రెండోసారి ఊదావు. ఇంకా అణిగింది. మూడోసారికి ఉచ్చ పోసుకుంది. అప్పుడే కదా నువ్వు వెళ్ళిపోయింది.

నువ్వు వినని మాటలు చెబుతాను. "ఆగిందిగా," అన్నాడు మీసాలాయన. "పొడుగు ఈలకి శుభ్రంగా ఆగిందిగా. ఆపే ఈల దానికి తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ఆగలేదంటే ఏమిటమ్మా అర్థం?"

దాన్ని ఆ ఈలకి పడుకోబెట్టింది నేను. కర్రతో. ఆ భయం నా ఈలకే ఉంటుంది, నీ ఈలకి లేస్తుందనుకున్నాను. కొట్టిన మాట వాళ్ళకి చెప్పాను. మూడు రోజులు ఊది ఊది కొట్టానని, అంతకుముందు కదిలేదని, గొంతు చించుకుని చెప్పాను. ఒకాయన "రోజుకో కథ చెబుతారు వీళ్ళు" అన్నాడు. ఇంకొకాయన గడియారం చూసుకున్నాడు. నా నిజం మీద నేనే కర్ర తీసుకుని కొట్టి చంపానురా. ఇందులో నువ్వెంత, నేనెంత అని పంచుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు.

"కుక్కా, కొండా? ఇప్పుడే తేల్చుకో," అన్నాడు. డాక్టరమ్మ సంచీ పట్టుకుని చెట్టు కింద నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

నేను మేస్త్రిని చూశాను. అది లేవమని చెప్పేదాకా లేవదు కదా. అలాగే పడుకుని ఉంది, తడిలో.

"మీ కొండ మీరే మేయండి," అన్నాను.

తాడు విప్పి చంకకింద ఎత్తుకుని వచ్చేశాను. కుట్లు మానాయిలే. మానకపోయినా ఎత్తుకునేదాన్ని. పాతికేళ్ళు ఎక్కిన కొండ. నాన్న ఎక్కిన కొండ. దారిలో కూర్చుని తిట్టాను, మీసాలాయన్ని, నిన్ను, నాన్నని, నన్ను. ఎవరికెన్ని పడ్డాయో తెలియదు.

ఇప్పటి సంగతి ఇది. మేస్త్రి తింటోంది, నా వెనక తిరుగుతోంది. కానీ ఏ ఈల విన్నా పడుకుంటోంది. దారిన పోయే సైకిలువాడు ఈల వేసినా పడుకుంటోంది. అది ఇక మందని తోలదు. నేనూ తోలమనను. మనకున్న మూడు చెక్కల పొలం ఇరవై మూడింటికి ఇరవై రోజులకి కూడా రాదు. రోజూ కాలవ గట్టు మీద, రోడ్డు అంచుల్లో మేపుకు రావాలి. అటు లారీలు తిరుగుతాయి. ఒక మనిషి ముందు నడవాలి, ఒకరు వెనక అటూ ఇటూ పరిగెత్తాలి. కుక్క చేసే పని.

నీకు పని లేదన్నావు. ఇది ఉంది. ముందు మరదలికి నిజం చెప్పు. చెప్పకుండా వచ్చావంటే గేటు తియ్యను. ఇద్దరూ వస్తే పక్క గది ఖాళీ చేస్తాను. కోపం పోయిందనుకోకు, పోలేదు. ఎదురుగా ఉంటే తిట్టడానికి తపాలా ఖర్చు కలిసొస్తుంది.

ఈల నేనే ఊదుతాను. గాలిపోయినా సరే. నువ్వు మంద వెనక ఉంటావు. పొడుగ్గా ఊదితే తోలు. రెండు పొట్టివి ఊదితే, ఎక్కడున్నావో అక్కడ, ఆగు. ఆ రోజు రాయనిది ఇవాళ రాస్తున్నాను.

— అక్క